మోటార్లు లేని బటన్

మా బంధువుల్లో పెళ్ళికో తద్దినానికో పదిమంది చేరితే, భోజనాలయ్యాక ఎవరో ఒకరు మా బావ కారు కథ ఎత్తుకుంటారు. ఆ కథలో ఒక అబద్ధాలకోరు, ఒక దొంగ ఉంటారు. అబద్ధాలకోరు మా బావ. దొంగ మియాపూర్‌లో షెడ్డు నడిపిన ఒక మెకానిక్. నేను ఆ కథలో ఉండను, వినేవాళ్ళలో ఉంటాను. ఇన్నేళ్ళుగా నవ్వాల్సిన చోట అందరితో పాటు నవ్వి, వక్కపొడి నోట్లో వేసుకుని లేచి వస్తున్నాను. ఆ కథ తప్పు. మా బావ అబద్ధమాడలేదు. మెకానిక్ దొంగతనం చేయలేదు. జరిగింది జరిగినట్టు చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి చెబుతున్నాను.

బావ అంటే మా అక్క భర్త. మాది కడప జిల్లా. తొంభైల చివర నేను మాదాపూర్‌లో కొత్తగా పెట్టిన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి, మియాపూర్‌లో అక్కావాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. బావ ప్లాట్లు అమ్మేవాడు. నార్సింగి అప్పటికి పల్లెటూరు. గేదెలు రోడ్డు దాటేదాకా ఆగి, ఆ తర్వాత బండల మధ్య పాతిన తెల్లరాళ్ళ దగ్గరికి పోయి, ఇదిగో ఇక్కడ మీ హాలు వస్తుంది, అక్కడ మీ పూజగది వస్తుంది అని చూపించడం ఆయన పని.

ఆ వ్యాపారంలో కాగితం చివర్న వచ్చేది. ముందంతా మాటే. రైతు మాట మీద పొలం చూపించనిచ్చేవాడు. కొనేవాడు మాట మీద అడ్వాన్సు ఇచ్చేవాడు. బావకు సొంత స్థలాలు లేవు, పెట్టుబడి లేదు. ఆఫీసంటే ఒక గది, గోడకు ఒక మ్యాపు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. ఉన్నదల్లా ‘ఆయన చెప్తే చెప్పినట్టే’ అనే పేరు. ఇల్లు గడిచేది దాని మీదే.

ఆ పేరు కాక ఆయనకు ఒక కారు కూడా ఉండేది.

జపాన్‌లో తయారైన రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. ఎర్రది. జూబ్లీహిల్స్‌లో ఒకాయన ఎప్పుడో విదేశం నుంచి తెప్పించుకుని, విసుగొచ్చి అమ్మేస్తే బావ కొన్నాడు. బండల్లో తిరిగేవాడికి జీపు కావాలి గానీ ఇదెందుకని అక్క మొదటిరోజే అడిగింది. కారు అప్పటికే పాతది. ఏసీ పనిచేయదు, ఎడమ అద్దం దిగదు. కానీ గేరు పక్కన ఒక బటన్ ఉండేది. దానికి మూడు మెట్లు. ఒకటో మెట్టుకు కారు మెత్తగా నడుస్తుంది, మూడో మెట్టుకు గట్టిగా. చక్రాల కుదుపును ఆపే షాకప్సర్లు నాలుగుంటాయి కదా, ఈ కారులో ఒక్కోదాని నెత్తిన అగ్గిపెట్టెంత మోటారు ఉండేది. బటన్ నొక్కితే మోటారు లోపలి కడ్డీని తిప్పుతుంది. నూనె పారే దారి వెడల్పయితే మెత్తన, సన్నబడితే గట్టి. సీటు కింద ఒక ఎలక్ట్రానిక్ పెట్టె ఈ నాలుగింటినీ చూసుకునేది. ఇంజనీరింగ్‌లో నాది మెకానికల్ కాబట్టి ఇదంతా బావకు వివరించింది నేనే. ఆయన చాలా సంతోషపడ్డాడు.

నార్సింగి దారిలో తారు అయిపోయే చోట బావ ఒకటో మెట్టు నొక్కేవాడు. డాష్‌బోర్డు మీద పచ్చదీపం వెలిగేది.

“ప్రయాణం ఎట్లుండాది సార్?” అని అడిగేవాడు.

“మెత్తగా ఉందండీ,” అనేవాడు కొనడానికి వచ్చినాయన. వెనక సీట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్న ఆయన అత్తగారు కూడా ఔననేది.

ఇది మోసం కాదా బావా అని ఒకసారి అడిగాను.

“రోడ్డు బాగుండాదని నేను ఎప్పుడన్నా అంటినా? ప్రయాణం ఎట్లుండాదని అడిగితి. వాళ్ళు చెప్పిరి,” అన్నాడు. మాట విషయంలో ఆయన అంత జాగ్రత్త మనిషి.

ఒకసారి అన్నదమ్ముల పంపకాలకని బావ కడపకు పోవాల్సి వచ్చింది. ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు. పోతూ తాళాలు నా చేతిలో పెట్టాడు.

“వారానికి ఒకతూరి స్టార్టు చేసి మన వీధి చివరిదాకా పోయి రా. అంతకుమించి పోవద్దు. ఇన్యావా?”

“ఇన్యా బావా.”

మర్నాడే కారు వేసుకుని ఆఫీసుకు పోయాను.

ఆ ఏడు మాదాపూర్‌లో ప్రతి కంపెనీకీ విడివిడిగా కేబుల్ వేసేవాళ్ళు. ఒకరు తవ్వి పూడ్చిన చోటే మరొకరు తవ్వేవాళ్ళు. వాన పడితే పూడ్చిన మట్టి లోపల కుంగేది, పైకి మాత్రం రోడ్డులాగే కనిపించేది. నేను మా టీమ్ లీడర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, మూడో మెట్టు నొక్కి, మలుపులో కారు ఎలా తిరుగుతుందో చూడండి అన్నాను. ముందు ఎడమ చక్రం కేబుల్ గోతిలోకి దిగిపోయింది. పెద్ద చప్పుడు వచ్చింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, “ఇదేనా స్పోర్ట్ మోడ్?” అని అడిగాడు. ఇదేనన్నాను.

షాకప్సర్ వంగింది, నూనె కారిపోయింది, పైనున్న మోటారు రెండు ముక్కలైంది. డాష్‌బోర్డు మీద ఎర్రదీపం కొట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రమే బావ ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు.

“బండి ఎట్లుండాది?”

“బాగుంది బావా.”

అప్పుడే చెప్పి ఉంటే నాలుగు తిట్లతో పోయేది. ఇంకో నెల మొహం మాడ్చుకుని ఉండేవాడు. ఇప్పుడు తలచుకుంటే ఆ నాలుగు తిట్లు చాలా చవక అనిపిస్తుంది.

మెకానిక్ షెడ్డు మియాపూర్ బస్ డిపో అవతల ఉండేది. ఆయన కారు కింద దూరి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక నన్ను కాదు, కారునే తప్పుపట్టాడు.

“ఏంది సార్ గిది? షాకప్సర్ నెత్తి మీద మోటరేంది?”

“అదే దీని స్పెషాలిటీ.”

“స్పెషాలిటీ కాదు, పరేషానీ. గీ ముక్క ఈడ దొర్కది. జపాన్ల దొర్కుతదో లేదో గూడ తెల్వది. నాలుగు పీకేసి, టాక్సీలకు ఏసేటియి కొడ్త. ఫికర్ చెయ్యకు.”

“పాడైంది ఒక్కటే కదా?”

“ఒక కాలుకు బూటు, మూడు కాళ్ళకు చెప్పులు తొడుగుతవా సార్? బండి కుంటుకుంట పోతది.”

“మా బావకు తెలియకూడదు.”

“కిందికి దూరి చూస్తడా మీ బావ?”

“చూడడు. బటన్ నొక్కుతాడు.”

“నొక్కనియ్. నొక్కితే ఏం పోతది?”

టాక్సీ షాకప్సర్లు ఈ కారుకు సరిపోవు. వాటి పైభాగం కోసి, ఈ కారుకు సరిపడే ఇనుపముక్కలు వెల్డింగ్ చేశాడు. మొదటిది తిరగేసి అతికించడంతో కారు ఒక పక్కకు ఒరిగి నిలబడింది. “జపానోల్లు సక్కగ కట్టలే,” అని దాన్ని కోసి మళ్ళీ అతికించాడు. అన్నీ బిగించాక మంచి మూడింటినీ గోనెసంచిలో వేసి నా ముందు పెట్టాడు.

“ఇవి మంచిగున్నయ్ సార్. తీస్కపో.”

“ఇంట్లో ఎక్కడ దాచను? నువ్వే ఉంచుకో.”

“ఉంచుకుని ఏం చేస్త? అమ్ముకుంట మల్ల.”

“అమ్ముకో.”

దయచేసి ఈ మాట గుర్తుపెట్టుకోండి. అమ్ముకోమన్నది నేను.

ఎర్రదీపం మాత్రం ఆగలేదు. మోటార్లు జవాబివ్వడం లేదని సీటు కింది పెట్టె గోల పెడుతోంది. ఇది మెకానిక్‌కు చేతకాలేదు. నాకు చేతనయింది. కోఠీకి పోయి బఠాణీ గింజంత రెసిస్టర్లు తెచ్చి, మోటార్ల జాగాలో వైర్లకు కట్టాను. మోటార్లు లాగినంత కరెంటే అవీ లాగుతాయి కాబట్టి పెట్టెకు తేడా తెలియదు. బటన్ నొక్కితే పచ్చదీపం నిలకడగా వెలిగింది. ఆఫీసులోనూ అప్పుడు నా పని దాదాపు ఇదే. రెండు వేల సంవత్సరం వస్తే పాత ప్రోగ్రాములు ఆగిపోతాయని విదేశీ కంపెనీలు భయపడుతుండేవి. లోపల పెద్దగా ఏదీ కదపకుండా, అంతా సవ్యంగానే ఉందని ప్రోగ్రాము అనుకునేలా నాలుగు లైన్లు చేర్చేవాణ్ణి. అందులో నాకు మంచి పేరుండేది.

బావ తిరిగొచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, తుడిచి, అక్కనూ నన్నూ ఎక్కించుకుని నార్సింగి వైపు తీసుకుపోయాడు. తారు అయిపోయే చోట ఒకటో మెట్టు నొక్కాడు. పచ్చదీపం వెలిగింది. నేను వెనక సీట్లో మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాను.

“ఆహా,” అన్నాడు బావ. “ఇన్ని దినాలు రెస్టు దొరికింది గదా, ముందుకంటే మెత్తగా పోతాంది. ఏం బామ్మర్దీ, తెలుస్తాందా?”

“తెలుస్తాంది బావా.”

“నాకేం తెలియలా,” అంది అక్క. “నువ్వు నొక్కినా నొక్కకపోయినా నా నడుముకు ఒకటే.”

“నడుముకేం తెలుసు?” అన్నాడు బావ.

ఆ తర్వాత కూడా కొనడానికి వచ్చినవాళ్ళంతా మెత్తగా ఉందండీ అనే చెప్పారు. కొన్నాళ్ళకు నాకే అనుమానం వచ్చింది, బటన్ నిజంగా పనిచేస్తోందేమోనని.

చివరికి అక్క మాటే నెగ్గింది. కొత్త లేఅవుట్లకు ఈ కారు పోలేకపోయింది. అమ్మేసి జీపు కొందామని బావ ఒప్పుకున్నాడు. జీడిమెట్లలో కెమికల్ యూనిట్ నడిపే ఒకాయన, కోస్తావాడు, ఒక ఆదివారం పొద్దున ఇద్దరు స్నేహితులతో ఇంటికి వచ్చాడు. కారు నడిపి చూసుకున్నాడు. నచ్చింది. హాల్లో కూర్చున్నాం. అక్క అందరికీ బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టింది.

“అంతా బానే ఉందండి,” అన్నాడాయన. “ఈ బటన్ సంగతే నమ్మకం లేదండి. పాతబళ్ళలో ఇలాంటివి పీకేసి, దీపం ఒకటి ఉంచి అమ్మేస్తుంటారటండి.”

ఆయన మామూలుగానే అన్నాడు. కానీ మాట మీద బతికే మనిషికి అది మామూలు మాట కాదు. బావ లోపలి గదిలోకి చూసి పిలిచాడు.

“పాపా, ఇట్రా.”

మా మేనకోడలు హోంవర్కు వదిలేసి వచ్చింది. అప్పుడు నాలుగో తరగతో ఐదో తరగతో. నడుము దాటే జడ. స్కూలు వార్షికోత్సవంలో నెమలి డాన్సుకు ఆ జడ చూసే ఎంపిక చేశారు. బావ పిల్ల నడినెత్తిన చెయ్యి పెట్టాడు. మా వైపు బిడ్డ తల మీద వేసిన ఒట్టుకు మించిన ఒట్టు లేదు. బావ అలాంటిది వేయగా నేనెప్పుడూ చూడలేదు.

“దీని మీద ఒట్టు. బటన్ పని చేస్తాది. కంపెనీవాళ్ళు ఏసింది ఏసినట్టే ఉండాది. నేను ముట్టుకోలా, ఒకర్ని ముట్టుకోనీలా.”

“నాయనా, జడ చెదురుతాంది,” అంది పిల్ల.

వచ్చినాయన నొచ్చుకున్నాడు. “అయ్యయ్యో, అంతమాటెందుకండి,” అని అక్కడే బేరం ఖాయం చేసుకున్నాడు.

ఆ సమయంలో నా నోట్లో బజ్జీ ఉంది. అందుకే మాట్లాడలేకపోయానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. బజ్జీ అంతసేపు నోట్లో ఉండదు.

కారు పోయాక నాకు తేలికగా అనిపించింది. అది ఎక్కువ రోజులు నిలవలేదు. ఒక శనివారం బావ ఆఫీసు గదిలో కొత్త లేఅవుటు కరపత్రం దిద్దుతున్నాను. ప్లాటు అడ్వాన్సు ఇవ్వడానికి వచ్చిన భార్యాభర్తలిద్దరు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. బయట ఎర్రకారు వచ్చి ఆగింది. జీడిమెట్ల ఆయన దిగాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

“ఏమండీ, మా టాక్సీ డ్రైవరు బండికి ఉన్న షాకప్సర్లేనండి ఇవి. మోటార్ల జాగాలో బఠాణీ గింజల్లాంటివి కట్టారండి. ఉన్నమాట చెప్పి ఉంటే అలాగే కొనేవాణ్ణండి. కన్నబిడ్డ నెత్తిన చెయ్యెలా పెట్టారండి?”

బావ బయటికి పోయి, తెల్లచొక్కాతోనే రోడ్డు మీద పడుకుని కారు కిందికి చూశాడు. ఆయన దాని కిందికి చూడటం అదే మొదటిసారి. లేచి వచ్చేసరికి వీపంతా మట్టి.

జీడిమెట్ల ఆయన నా వైపు తిరిగాడు. “మీరు ఇంజనీరంట కదండి. మీరు చెప్పండి, ఇది దానంతటదే అవుతుందాండి?”

బావ కూడా నా వైపు చూశాడు. అనుమానంతో కాదు. నేను చదువుకున్నవాణ్ణి, ఏదో ఒక సమాధానం చెప్పి గట్టెక్కిస్తానని చూశాడు.

“నాది సాఫ్ట్‌వేరండీ,” అన్నాను.

“బండి ఈడనే పెట్టి, మీ డబ్బు మీరు తీసకపోండి,” అన్నాడు బావ. “నేనయితే నిజమనుకోనే చెప్పినా.”

కుర్చీల్లో ఉన్న భార్యాభర్తలు లేచి, ఆషాఢం పోయాక వస్తామన్నారు. ఆషాఢం అప్పటికి చాలా దూరంలో ఉంది.

తాను లేనప్పుడు కారేమైనా షెడ్డుకు పోయిందా అని బావ ఆ సాయంత్రం అడిగాడు. ఒకసారి సర్వీసింగ్‌కు ఇచ్చానన్నాను. అంతే, ఆయనకు దారి దొరికింది. ఇద్దరం డిపో అవతలికి పోయాం. రోడ్డు వెడల్పు చేయడంతో షెడ్డు ఎత్తేశారు. మెకానిక్ ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలియదు. పక్కన టీకొట్టాయన మాత్రం, “ఔ సార్, గాయన జపాన్ షాకప్సర్లు పాత ఇనుపోనికి అమ్మిండు. నేను చూసిన,” అన్నాడు. దాంతో దొంగ ఖాయమయ్యాడు. బంధువుల్లో సగంమంది మెకానిక్ దోచుకున్నాడని అన్నారు. మిగతా సగం, బావకు తెలిసే అమ్మాడు, ప్లాట్లు అమ్మేవాడు ఒట్టుకు భయపడతాడా అన్నారు. నేను రెండు వర్గాల దగ్గరా తల ఊపాను.

అక్క ఎవరినీ తప్పుపట్టలేదు. బిడ్డ తల మీద వేసిన ఒట్టు తప్పయింది, తెలిసి వేసినా తెలియక వేసినా దోషం బిడ్డకే అని ఆమె నమ్మకం. ఆ వారంలోనే పిల్లకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే, ఆ వీధిలో సగంమంది పిల్లలకు వచ్చింది. అక్క కొండకు మొక్కుకుంది. తిరుమలకు అందరం పోయాం. సామాన్లు మోసింది నేను. మంగలి ముందు కూర్చున్న పిల్ల తెగిన జడను ఒళ్ళో పెట్టుకుని ఒకసారి చూసుకుని ఇచ్చేసింది. ఏడుస్తుందనుకున్నాను. దారిపొడుగునా ఏడవలేదు. ఇంటికొచ్చి అద్దం చూసుకున్నాక ఏడ్చింది. స్కూల్లో నెమలి వేషం తీసేసి సన్యాసి వేషం ఇచ్చారు. బాగా చేసిందని బహుమతి కూడా వచ్చింది.

బావ దగ్గర కొనడానికి వచ్చేవాళ్ళు ముందు కాగితం చూపించమనడం మొదలుపెట్టారు. రైతులు కూడా. ఆయన కొన్నాళ్ళు చూసి, ప్లాట్లు మానేసి సిమెంటు కొట్టు పెట్టుకున్నాడు. నష్టమేమీ రాలేదు. మాట మాత్రం మారింది. ఏం అడిగినా ‘నాకు తెలిసినంతవరకు’ అని ముందు చేర్చేవాడు. టైమెంతైందని అడిగినా సరే.

మొన్నీమధ్య మా మేనకోడలి కూతురికి పుట్టువెంట్రుకలు తీయించారు. భోజనాలయ్యాక ఎవరో మళ్ళీ కారు కథ ఎత్తారు. “పాపను తాతకు దూరంగా పెట్టండి, నెత్తిన చెయ్యి పెట్టాడంటే మళ్ళీ గుండే,” అన్నారు. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. అందరికంటే చివర ఆపాడు. నాకు వక్కపొడి మింగుడు పడలేదు. ఆయన్ను వరండాలోకి తీసుకుపోయి అంతా చెప్పాను. గొయ్యి, షెడ్డు, రెసిస్టర్లు, గోనెసంచి.

ఆయన చేతికర్రను గోడకు ఆనించాడు.

“బటన్ నొక్కితే మెత్తగా అయ్యేదే,” అన్నాడు.

“లేదు బావా. మోటార్లే లేవు.”

“నువ్వు ఎనక కూర్చున్యావు. నీకేం తెలుసు?” అని ఆగాడు. “అయితే నేను అబద్ధం చెప్పలా.”

“చెప్పలేదు బావా.”

“ఈ మాట లోపలికొచ్చి నలుగుర్లో చెప్తావా?”

పోయి చెప్పాను. నిలబడి, గొంతు సవరించుకుని మొదటినుంచి చెప్పాను. రెసిస్టర్ల దగ్గరికి వచ్చేసరికి నవ్వులు మొదలయ్యాయి. “బావంటే ఎంత ప్రేమరా నీకు, ఈ వయసులో నీ నెత్తిన వేసుకుంటాండావు!” అని మా పెద్దమ్మ కొడుకు వీపు తట్టాడు. బావ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఎవరూ నమ్మలేదు. అక్క నమ్మిందేమో తెలియదు, లేచి వంటగదిలోకి పోయింది.

నవ్వనిది మా మేనకోడలొక్కతే. ఒళ్ళో కూతురు నిద్రపోతోంది.

“నిజంగానా మామా?”

“నిజంగా.”

“అయితే ఒట్టు వెయ్యి,” అంది.

పాప గుండు నేను చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉంది. రాసిన గంధం ఇంకా ఆరలేదు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఒట్టు వద్దమ్మా, కాగితం మీద రాసిస్తాను అన్నాను.